బొమ్మ ఆయనది, నంబరు మనవాళ్ళది

కువైట్‌లోని మంగఫ్ నుంచి మాట్లాడుతున్నాను. ఈ వారం మీకు ఒక ముఖం గురించి చెబుతాను. ఆ ముఖం మనవాళ్ళది కాదు, మన దేశపు వాళ్ళదీ కాదు. దాని వెనకాల మాత్రం మనవాళ్ళ కథ చాలా ఉంది. అది చెప్పడానికే ఈ ప్రయత్నం.

ఒక శుక్రవారం మధ్యాహ్నం మా ఇంటికి ఒక పెద్దమనిషి భోజనానికి వచ్చారు. మా పక్క బిల్డింగులో ఉంటారు. పుట్టి పెరిగింది దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో. ఇంటిపేరు నాయుడు. వాళ్ళు దాన్ని 'నాయ్‌డూ' అని పలుకుతారు. నాలుగు తరాల కిందట వాళ్ళవాళ్ళు విశాఖపట్నం జిల్లా నుంచి వెళ్ళారట. అమ్మ, అవ్వ, తాత, అన్నం, చారు లాంటి పది పదిహేను మాటలు తప్ప ఆయనకు తెలుగు రాదు. అయినా తెలుగువాళ్ళం ఉన్నామని తెలిసి వెతుక్కుంటూ వచ్చారు.

భోజనాలయ్యాక ఆయన సంచిలోంచి రెండు వస్తువులు తీసి బల్ల మీద పెట్టారు. ఒకటి చిన్న ప్లాస్టిక్ డబ్బాలో బంగారు నాణెం. ఉద్యోగంలో చేరినప్పుడు వాళ్ళ నాన్నగారు ఇచ్చారట, ఎక్కడికి వెళ్ళినా వెంట ఉంటుందట. రెండోది మడతలు పడ్డ జిరాక్స్ కాగితం.

మా ఆవిడ ముందు నాణెం తీసుకుని ఎన్ని క్యారెట్లని అడిగింది. గల్ఫ్‌లో ఉన్న మన ఇళ్ళలో మొదట వచ్చే ప్రశ్న అదే కదా! మన నగల లాగే 22 క్యారెట్లు. బరువు 33.93 గ్రాములు, అంటే మన లెక్కలో నాలుగు సవర్ల పైమాటే. మేలిమి 31.1 గ్రాములు, మిగతాది రాగి. అందుకే కాస్త ఎర్రగా ఉంటుంది. దాని పేరు క్రూగర్రాండ్. ఒకవైపు గడ్డం ఉన్న ముసలాయన బొమ్మ, రెండోవైపు స్ప్రింగ్‌బాక్ అనే జింక.

మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. బొమ్మ చూసి, "ఈయన మీ తాతగారా అంకుల్?" అని అడిగింది. ఆయన నవ్వి, "కాదమ్మా, మా తాత ఇందులో ఉన్నాడు" అని జిరాక్స్ కాగితం చూపించారు. అది ఓడ జాబితాలో ఒక వరస. ఐదంకెల నంబరు, ఇంగ్లీషులో ఒక పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, చివర 'ఎడమ మోకాలి కింద మచ్చ' అని ఒక గుర్తు. మా అమ్మాయి కాగితం అటూ ఇటూ తిప్పి, "ఇందులో బొమ్మ లేదుగా" అంది.

ఆ మాట నాకు చాలా రోజులు గుర్తుండిపోయింది. ఒకే కాలంలో, ఒకే ప్రాంతంలో బతికిన ఇద్దరు మనుషుల్లో ఒకరికి వందల బొమ్మలు, ఇంకొకరికి ఒక మచ్చ. అందుకే ముందు ఆ బొమ్మ సంగతి చూద్దాం, తర్వాత ఆ మచ్చ దగ్గరికి వద్దాం.

నాణెం మీది మనిషి పాల్ క్రూగర్. పూర్తి పేరు స్టెఫానస్ యోహానెస్ పౌలస్ క్రూగర్. 1825 అక్టోబరు 10న దక్షిణాఫ్రికాలోని కేప్ కాలనీలో పుట్టాడు. అక్కడ ఎప్పటినుంచో స్థిరపడిన డచ్చి సంతతి రైతులను బోయర్లు అంటారు. తర్వాతి కాలంలో ఆఫ్రికానర్లు అన్న పేరు స్థిరపడింది. బ్రిటిష్ పాలన గిట్టకా, బానిసత్వం రద్దయిందన్న కోపంతోనూ, ఇంకా ఇతర కారణాలతోనూ 1830లలో వేలమంది బోయర్లు ఎడ్లబండ్లు కట్టుకుని ఉత్తరానికి తరలిపోయారు. ఆ బళ్ళ వెంట నడిచిన పదేళ్ళ కుర్రాడు క్రూగర్. తర్వాత వాళ్ళు ఏర్పాటు చేసుకున్న ట్రాన్స్‌వాల్ గణతంత్రానికి 1883లో అధ్యక్షుడయ్యాడు. వరసగా నాలుగుసార్లు గెలిచాడు.

ఆయన ఫోటోలు ఏవి చూసినా ఒకేలా ఉంటాయి. నల్లటి పొడుగు కోటు, తలమీద పొడుగు టోపీ, భుజం మీదుగా అధ్యక్ష పదవి పట్టీ, బరువైన రెప్పలు, కళ్ళ కింద సంచులు. గడ్డం ఉంటుంది, మీసం ఉండదు. ఆ వేషం చూస్తే పాతకాలపు చర్చి పెద్ద గుర్తొస్తాడు. ఫోటోలు చెప్పని సంగతి ఇంకొకటుంది. 1845లో ఖడ్గమృగం వేటలో తుపాకి పేలి ఆయన ఎడమ చేతి బొటనవేలు పోయింది. కుళ్ళిపోతున్న వేలి భాగాన్ని తనే కోసుకున్నాడని చెబుతారు. శ్రోతలు ఈ బొటనవేలిని గుర్తుపెట్టుకోవాలి. చివర్లో దీనితో పని ఉంది.

ఇక బొమ్మల సంగతి. 1886లో ట్రాన్స్‌వాల్‌లో అపారమైన బంగారం బయటపడింది. రైతుల పేద దేశానికి ఒక్కసారిగా డబ్బు వచ్చింది. సొంత నాణేలు కావాలనుకున్నారు. ప్రిటోరియాలో టంకసాల ఇంకా సిద్ధం కాలేదు, అందుకని 1892లో మొదటి నాణేలు బెర్లిన్‌లో ముద్రించారు. క్రూగర్ బొమ్మ చెక్కినవాడు ఒటో షుల్ట్జ్ అనే జర్మన్. నాణేలు వచ్చాక గొడవ మొదలైంది. వెనకవైపు బోయర్ల ఎడ్లబండి బొమ్మ ఉంది. బోయర్ల బండికి ముందు ఒకే కొయ్య ఉంటుంది, కాడికి రెండు పక్కలా ఎడ్లను కడతారు. జర్మన్ పనివాడు తన దేశపు బండిలా రెండు కొయ్యలు పెట్టాడు. పైగా అధ్యక్షుడి భుజం కింద తన పేరు పొడి అక్షరాలు ఓ.ఎస్. అని చెక్కాడు. డచ్చి భాషలో 'ఓస్' అంటే ఎద్దు! అధ్యక్షుడి బొమ్మ కింద ఎద్దు అని రాసినట్టయింది. ఎగతాళి చేసేవాళ్ళకు అంతకన్నా ఏం కావాలి? ఆ నాణేలు ఆపి, సరిచేసి మళ్ళీ ముద్రించాల్సి వచ్చింది.

నవ్వుకోవడానికి బాగున్నా ఇందులో ఒక సత్యం ఉంది. సొంత దేశం, సొంత నాణెం అనుకున్నా, ముఖాన్ని చెక్కినవాడు పరాయివాడు. ఎంత గొప్పవాడి బొమ్మయినా గీసేవాడి చేతిలోకి వెళ్ళాక అతని కన్ను, అతని తప్పు కూడా అందులోకి వచ్చేస్తాయి.

మరో ప్రసిద్ధమైన దృశ్యం, ప్రిటోరియాలోని తన ఇంటి అరుగు మీద కూర్చున్న క్రూగర్. పెద్ద భవనమేమీ కాదు, సాదా ఇల్లు. 1896లో గనుల యజమాని బార్నీ బర్నాటో పుట్టినరోజు కానుకగా ఇచ్చిన రెండు రాతి సింహాలు వాకిట్లో ఉంటాయి. ఇప్పుడది మ్యూజియం. అధ్యక్షుడు అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతూ వచ్చినవాళ్ళందరితో మాట్లాడేవాడని చెప్పుకుంటారు. ఆ ఫోటో చూస్తే మన ఊళ్ళో రచ్చబండ మీది పెద్దమనిషి గుర్తొస్తాడు.

కానీ ఆ వీధిలో అందరికీ నడిచే హక్కు లేదు. 1893లో ఇరవై మూడేళ్ళ గాంధీ కేసు పని మీద ప్రిటోరియాలో ఉన్నాడు. రోజూ క్రూగర్ ఇంటి ముందు నుంచి షికారు వెళ్ళేవాడు. ఒకరోజు అక్కడి కాపలా పోలీసు ఒక్క మాట కూడా చెప్పకుండా ఆయనను ఫుట్‌పాత్ మీంచి తోసి తన్నాడు. ఈ సంగతి గాంధీ ఆత్మకథలో ఉంది. ఆ ఇల్లు ఎంత సాదాగా ఉండేదో కూడా ఆయనే రాశాడు. అరుగు మీది ఫోటోలో మనకు కనిపించేది ఆ సాదాతనం ఒక్కటే. దాని ముందున్న ఫుట్‌పాత్ ఆ చట్రంలోకి రాలేదు.

క్రూగర్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడే 1885లో మూడో నంబరు చట్టం వచ్చింది. దాని ప్రకారం భారతీయులతో సహా ఆసియావాళ్ళకు పౌరసత్వం లేదు. వ్యాపారం కోసం స్థిరపడేవాళ్ళు 25 పౌన్లు కట్టి రిజిస్టరు కావాలి, తర్వాత దాన్ని 3 పౌన్లకు తగ్గించారు. ఆస్తి కొనుక్కోవాలంటే వాళ్ళకు కేటాయించిన వాడల్లోనే కొనుక్కోవాలి. ఒకసారి భారతీయుల ప్రతినిధులు క్రూగర్ దగ్గరికి మొర పెట్టుకోవడానికి వెళ్తే, ఆయన బైబిలు కథ చెప్పి, మీరు ఇష్మాయేలు సంతతి, ఏశావు సంతతికి సేవ చెయ్యడానికే పుట్టారు, సమాన హక్కులు కుదరవు అన్నట్టు మాట్లాడాడని గాంధీ దక్షిణాఫ్రికా సత్యాగ్రహం గురించిన పుస్తకంలో రాశాడు.

ఇక్కడ ఒక సంగతి స్పష్టం చెయ్యాలి. మన తెలుగు కూలీలు ఎక్కువమంది వెళ్ళింది క్రూగర్ దేశానికి కాదు, పక్కనే ఉన్న నటాల్‌కు. అది బ్రిటిష్ వాళ్ళది. అక్కడేమీ స్వర్గం లేదు. ఐదేళ్ళ అగ్రిమెంటు ముగిశాక కూడా ఉండాలనుకునేవాళ్ళ మీద 1895 చట్టం ఏటా 3 పౌన్ల పన్ను వేసింది. ఒకవైపు బోయరు, ఇంకోవైపు ఇంగ్లీషువాడు, మధ్యలో మనవాళ్ళు.

1899 అక్టోబరు 11న బోయర్లకు, బ్రిటిష్ వాళ్ళకు యుద్ధం మొదలైంది. అదే సంవత్సరం జనవరిలో కువైట్ పాలకుడు షేక్ ముబారక్ బ్రిటిష్ వాళ్ళతో ఒడంబడిక చేసుకున్నాడు. అంటే నేను ఇప్పుడు కూర్చున్న ఈ నేల ఒక సామ్రాజ్యం నీడలోకి వచ్చిన ఏడాదే, అక్కడ క్రూగర్ ఆ సామ్రాజ్యంతో యుద్ధానికి దిగాడు.

యుద్ధంలో తుపాకులతో పాటు బొమ్మలు కూడా పోరాడాయి. లండన్ పత్రికలు క్రూగర్‌ను మొద్దు పల్లెటూరివాడిగా, మొండి ముసలాడిగా గీశాయి. అంతకుముందే, ఒంటరిగా పడవలో ప్రపంచం చుట్టి వస్తున్న జాషువా స్లోకమ్ ఆయనను కలిశాడు. ప్రపంచం చుట్టూ అన్న మాటకు క్రూగర్ ఒప్పుకోలేదట, భూమి బల్లపరుపు అని ఆయన నమ్మకం. 1898లో కేప్‌టౌన్ పత్రిక ఒకటి ఆ భేటీ మీద కార్టూన్ కూడా వేసింది. ఫ్రాన్సులో ఇదంతా తారుమారు. 1900 నవంబరులో క్రూగర్ డచ్చి రాణి పంపిన యుద్ధనౌకలో మార్సేల్ రేవుకు చేరితే జనం పోటెత్తారు. అక్కడి పోస్టుకార్డుల మీద అదే గడ్డం, అదే టోపీ. కానీ ఆయన అక్కడ వీరుడు, దౌర్జన్యానికి ఎదురు నిలిచిన ముసలి సింహం. ముఖం మారలేదు. చూసేవాడి దేశం మారింది.

బోయర్ల కష్టాలు అబద్ధం కాదు. బ్రిటిష్ సైన్యం వాళ్ళ పొలాలు తగలబెట్టి ఆడవాళ్ళనూ పిల్లలనూ నిర్బంధ శిబిరాల్లో పెట్టింది. అక్కడ 26 వేలకు పైగా ఆడవాళ్ళు, పిల్లలు చనిపోయారు. నల్లవాళ్ళ కోసం వేరుగా పెట్టిన శిబిరాల్లో కనీసం 14 వేలమంది చనిపోయారు. మొదటివాళ్ళకు ఆ తర్వాత పదేళ్ళకే పెద్ద స్మారకం కట్టారు. రెండోవాళ్ళను చాలా కాలం ఎవరూ తలుచుకోలేదు. బాధలో కూడా బొమ్మ దక్కేది కొందరికే.

ఈ యుద్ధంలో మనవాళ్ళూ ఉన్నారు. గాంధీ నటాల్‌లో ఏర్పాటు చేసిన భారతీయ అంబులెన్సు దళంలో దాదాపు 1100 మంది ఉంటే, వాళ్ళలో సుమారు 800 మంది ఒప్పంద కూలీలు. గాయపడ్డ సైనికులను డోలీల్లో మైళ్ళకొద్దీ మోశారు. నాయకులతో గాంధీ దిగిన గ్రూపు ఫోటో ఇప్పటికీ పుస్తకాల్లో కనిపిస్తుంది. డోలీలు మోసిన ఎనిమిది వందల మంది పేర్లు ఎవరింట్లో చెప్పుకుంటారో!

ఇంకో సంగతి వింటే రాయలసీమ శ్రోతలు ఆశ్చర్యపోతారు. బ్రిటిష్ వాళ్ళు పట్టుకున్న బోయర్ సైనికుల్లో దాదాపు తొమ్మిది వేలమందిని భారతదేశానికి పంపారు. ఆ ఖైదీల శిబిరాల్లో ఒకటి బళ్ళారిలో ఉండేది. అప్పట్లో అది మద్రాసు రాజధానిలోని దత్తమండలాల జిల్లా, తెలుగు బాగా వినిపించే ఊరు. మన ఊళ్ళ నుంచి కూలీలు ఓడెక్కి వాళ్ళ దేశం వైపు వెళ్తుంటే, క్రూగర్ సైనికులు ఓడల్లో ఖైదీలుగా మన దేశానికి వచ్చారు.

క్రూగర్ తిరిగి స్వదేశం చూడలేదు. 1904 జూలై 14న స్విట్జర్లాండ్‌లో చనిపోయాడు. దేహాన్ని తీసుకొచ్చి అదే ఏడాది డిసెంబరు 16న ప్రిటోరియాలో సమాధి చేశారు. మనిషి వెళ్ళిపోయాడు, బొమ్మల ప్రయాణం మాత్రం ఆగలేదు.

ప్రిటోరియా విగ్రహం కథ వినండి. 1896లో సామీ మార్క్స్ అనే వ్యాపారి పది వేల పౌన్లు ఇస్తే, అంటన్ వాన్ వౌ అనే శిల్పి తయారుచేశాడు. రోములో పోత పోయించారు. నిలబెట్టే లోపల యుద్ధం వచ్చింది. పీఠం చుట్టూ ఉండాల్సిన నలుగురు బోయర్ కాపలావాళ్ళ కంచు బొమ్మలను బ్రిటిష్ సేనాని కిచ్నర్ ఇంగ్లండుకు పట్టుకుపోయాడు. 1921లో గానీ అవి తిరిగి రాలేదు. క్రూగర్ విగ్రహాన్ని 1913లో ఒక పార్కులో, 1925లో రైల్వే స్టేషను ముందు, చివరికి 1954లో చర్చి స్క్వేర్‌లో నిలబెట్టారు. చిన్నప్పుడు ఊళ్ళు తిరిగినవాడు, విగ్రహమయ్యాక కూడా తిరుగుతూనే ఉన్నాడు. టోపీ పైన గుంట ఉంచితే వాననీళ్ళు నిలిచి పిట్టలు తాగుతాయని ఆయన భార్య కోరిందని ఒక కథ కూడా ఉంది.

1941లో జర్మనీలో నాజీలు క్రూగర్ మీద సినిమా తీశారు. ఎమిల్ యానింగ్స్ అనే పేరున్న నటుడు ఆ వేషం వేశాడు. ఇంగ్లీషువాళ్ళ నిర్బంధ శిబిరాల దారుణం చూపించడం ఆ సినిమా పని. అది తీయించినవాళ్ళు అదే సమయంలో తమ దేశంలో ఎలాంటి శిబిరాలు నడుపుతున్నారో మనకు తెలుసు. చచ్చిపోయినవాడి ముఖం ఎవరైనా తొడుక్కోవచ్చు, కాదనడానికి ఆయన లేడు.

1967లో, వర్ణవివక్ష ప్రభుత్వం ఉన్న కాలంలో, మా బల్ల మీదికి వచ్చిన క్రూగర్రాండ్ పుట్టింది. దాని మీది బొమ్మ 1892 నాటి ఒటో షుల్ట్జ్ బొమ్మే. ఎద్దు గొడవ తెచ్చిన ఆ పాత ముఖం 75 ఏళ్ళ తర్వాత ప్రపంచమంతా తిరిగింది. 1980 నాటికి ప్రపంచంలో అమ్ముడయ్యే బంగారు నాణేల్లో 90 శాతం ఇవేనని లెక్క. 1985లో వర్ణవివక్షకు వ్యతిరేకంగా అమెరికా వీటి దిగుమతిని నిషేధించింది, 1991లో ఆ నిషేధం ఎత్తేసింది. కొందరికి అది పొదుపు, కొందరికి అది ముట్టుకోకూడని సొమ్ము. 2015 ఏప్రిల్‌లో చర్చి స్క్వేర్ విగ్రహం మీద ఎవరో ఆకుపచ్చ రంగు పోశారు. తర్వాత దాని చుట్టూ కంచె వేశారు. ఒకప్పుడు ఫుట్‌పాత్ మీదికి మనల్ని రానివ్వని కాపలా, ఇప్పుడు ఆ విగ్రహానికే అవసరమైంది.

మా అతిథి ఇదంతా కోపంగా చెప్పలేదు. "ఈ నాణెం మా నాన్న కష్టార్జితం. ఈ ముసలాయన మమ్మల్ని తన దేశంలో ఉండనివ్వలేదు, అయినా మా ఇంట్లో ఇన్నేళ్ళుగా ఉంటున్నాడు" అని నవ్వారు.

ఇప్పుడు రెండో కాగితం దగ్గరికి వద్దాం. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ 342 మందితో డర్బన్ చేరింది. అక్కడ మొదలై 1911 వరకు 1,52,184 మంది ఒప్పంద కూలీలు నటాల్ చేరారు. వాళ్ళలో మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవు నుంచే వెళ్ళారు. గంజాం, విశాఖపట్నం, గోదావరి, చిత్తూరు వైపు నుంచి వెళ్ళిన మనవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. ఒక్కొక్కరికి ఒక నంబరు ఇచ్చారు. తోటలో, ఆసుపత్రిలో, కోర్టులో, చావు కాగితంలో కూడా ఆ నంబరే మనిషి.

నేను చేసేది కంప్యూటర్ల పని కాబట్టి నాకు ఆ జాబితా చూడగానే డేటాబేస్ గుర్తొచ్చింది. ఒక వరస, ఒక కీ, కొన్ని గడులు. చాలా పద్ధతిగా ఉంది. ఆ మనిషి పాడేవాడా, కోపిష్టా, ఓడెక్కుతూ ఎవరి కోసం వెనక్కి తిరిగి చూశాడా అన్నదానికి మాత్రం గడి లేదు. మచ్చకు గడి ఉంది. పారిపోతే పట్టుకోవడానికి పనికొచ్చేది అదే.

ఫోటో ఉన్నచోట కూడా పని అదే. తెలుగువాళ్ళు చాలామంది చేరిన మారిషస్‌లో 1867 చట్టం తర్వాత, అగ్రిమెంటు ముగిసిన కూలీలు ఫోటో అంటించిన టికెట్టు వెంట పెట్టుకోవాలి. లేకపోతే జైలే. ఆ ఫోటోలు ఇప్పుడు వాళ్ళ మనవళ్ళకు అపురూపం. తీసినప్పుడు మాత్రం గౌరవానికి తియ్యలేదు, కాపలాకు తీశారు.

ఇక బొటనవేలి సంగతి. యుద్ధం గెలిచిన బ్రిటిష్ వాళ్ళు, క్రూగర్ భారతీయులను బాధ పెట్టాడని యుద్ధానికి ముందు గొంతు చించుకున్నవాళ్ళు, గెలిచాక క్రూగర్ చట్టాన్ని మరింత గట్టిగా అమలు చేశారు. 1907లో ట్రాన్స్‌వాల్‌లో ఉన్న ఆసియావాళ్ళందరూ పది వేళ్ళ ముద్రలూ ఇచ్చి సర్టిఫికెట్టు తీసుకోవాలని చట్టం తెచ్చారు. బొటనవేలు లేని మనిషి ఆ దేశానికి అధ్యక్షుడయ్యాడు, ఆయన ముఖం బంగారం మీదికి ఎక్కింది. పది వేళ్ళూ ఉన్న మనవాళ్ళ ముఖం ఎవరికీ అక్కర్లేదు, వేళ్ళు కావాలి.

కానీ మనవాళ్ళు ఊరుకోలేదు. 1908 ఆగస్టు 16న జోహానెస్‌బర్గ్‌లో హమీదియా మసీదు ఆవరణలో పెద్ద ఇనుప మూకుడులో రెండు వేలకు పైగా సర్టిఫికెట్లు వేసి తగలబెట్టారు. గుజరాతీలు, తమిళులు, తెలుగువాళ్ళు, ముస్లిములు, హిందువులు, పార్సీలు అందరూ ఆ పోరాటంలో ఉన్నారు. మీరు రాసిన మనిషిని మేం కాదు అని చెప్పడానికి అంతకన్నా మంచి పద్ధతి వాళ్ళకు దొరకలేదు.

ఇవన్నీ ఎప్పటి మాటలో అనుకోకండి. గల్ఫ్‌లో మనందరికీ సివిల్ ఐడీ నంబరుంది, అకామా ఉంది. 2024లో కువైట్‌లో ఉన్న మనమంతా బయోమెట్రిక్ కేంద్రాల్లో వరసలో నిలబడి వేళ్ళూ ముఖమూ ఇచ్చి వచ్చాం. నేను దాన్ని తప్పు పట్టడం లేదు, ఆ కాలం వేరు, ఈ కాలం వేరు. కానీ రికార్డులో ఉండటం వేరు, గుర్తుండటం వేరు అన్న సంగతి మంగఫ్‌లో ఉన్నవాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2024 జూన్ 12 తెల్లవారుజామున ఇక్కడే, కార్మికులు ఉండే ఒక భవనంలో మంటలు లేచి దాదాపు యాభై మంది చనిపోయారు. ఎక్కువమంది భారతీయులు, ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్ళు. కొన్ని దేహాలను గుర్తుపట్టడానికి డీఎన్ఏ పరీక్షలు చెయ్యాల్సి వచ్చింది. రెండు రోజుల తర్వాత వాయుసేన విమానంలో 45 శవపేటికలు కొచ్చి చేరాయి. అప్పుడు పత్రికల్లో వాళ్ళ ముఖాలు వరసగా చిన్న చిన్న ఫోటోల్లో చూశాం. మార్కెట్లో, బస్టాపులో ఎన్నిసార్లు వాళ్ళ పక్కన నిలబడి ఉంటామో! ముఖం చూడటానికి అంత ఘోరం జరగాల్సి వచ్చింది.

అందుకే శ్రోతలకు ఒక చిన్న మనవి. క్రూగర్ బొమ్మలను దాచడానికి మ్యూజియాలున్నాయి, టంకసాలలున్నాయి. మన తాతల బొమ్మలకు మనమే మ్యూజియం. ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు ఇనప్పెట్టెలోని పాత ఫోటోలు బయటికి తియ్యండి. ఒక్కొక్కదాని వెనక పేరు, ఊరు, సంవత్సరం పెన్సిలుతో రాయండి. నానమ్మలను, అమ్మమ్మలను కూర్చోబెట్టి అడిగి రాయండి. వాళ్ళు వెళ్ళిపోయాక ఆ ఫోటోలో పక్కన నిలబడ్డ మనిషి ఎవరో చెప్పేవాళ్ళుండరు. ఫోన్‌లో వేల ఫోటోలున్నవాళ్ళు కనీసం ఇరవై ఎంచి అచ్చు వేయించి పేర్లు రాయండి. ఇక్కడ ఒంటరిగా ఉండి పనిచేసే అన్నలు, అక్కలు మీకు తెలిసినవాళ్ళుంటే, పాస్‌పోర్టు ఫోటో కాకుండా ఒక మంచి ఫోటో తీసి వాళ్ళ ఇంటికి పంపండి.

మా అతిథి వెళ్ళబోయే ముందు ఆ జిరాక్స్ మళ్ళీ చూశాను. గుమాస్తా ఇంగ్లీషులో ఎలాగో గిలికిన పేరు ఆయనకు ఎప్పుడూ అర్థం కాలేదట. పలకడం కూడా వాళ్ళింట్లో తలా ఒక రకంగా పలుకుతారట. నేను రెండుసార్లు పైకి చదివాను. మూడోసారి తెలిసింది, అది సింహాచలం అప్పన్న పేరు. విశాఖ వైపు ఇంటికొకరికి ఉండే పేరే. కొండ మీద గుడి గురించి, ఆ దేవుడి పేరు పిల్లలకు ఎందుకు పెట్టుకుంటారో చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

తర్వాత కాగితం తిప్పి, వెనక తెలుగులో ఆ పేరు రాసి ఇమ్మన్నారు. రాశాను. మా అమ్మాయి పక్కన కూర్చుని ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. ఆయన ఆ అక్షరాల మీద వేలు పెట్టి అమ్మాయి వెనకే పలికారు. బల్ల మీద నాణెం సంగతి మరిచిపోయారు. లిఫ్టు దగ్గరి దాకా వెళ్ళాక మా ఆవిడ పరుగెత్తి ఇచ్చి వచ్చింది.